పదిమందీ ఎందుకు కూర్చోవాలి?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కాలేజీల్లో సెమినార్ హాలు ఖాళీగా దొరకడం కష్టం. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కదా, మంజూరైన డబ్బు ఆలోగా ఖర్చు కావాలి, బిల్లులు ఆడిటరు దగ్గరికి చేరాలి. అందుకని గేటు మీద ఫ్లెక్సీ, వేదిక మీద పూలకుండీలు, పక్కన పళ్లెంలో మడతపెట్టిన శాలువాలు. రెండు రోజుల జాతీయ సదస్సో, మూడు రోజుల పరిశోధన కార్యశాలో నడుస్తూ ఉంటుంది. ఆ హాల్లో ఏం జరిగిందో పేపర్లలో వస్తుంది. ఈ వారం నేను మాట్లాడేది దానికి ఎన్నో నెలల ముందు, పాఠాలూ పరీక్ష పేపర్లూ అయ్యాక, ఎవరో ఒక లెక్చరర్ కూర్చుని రాసిన కాగితాల గురించి. ప్రపోజల్ అంటాం వాటిని.

నవ్వకండి గానీ, ప్రపోజల్ రాయడం నాకు ఇష్టమైన పని. వ్యాసం రాసేటప్పుడు మనకు తెలిసింది చెబుతాం. ప్రపోజల్‌లో మనకు తెలియనిదేమిటో చెప్పాలి. అదీ చదివేవాడికి నమ్మకం కలిగేలా, పొందిగ్గా, లెక్కతో సహా చెప్పాలి. పైగా కార్యశాల ప్రపోజల్‌కు ఇంకో మెలిక ఉంది. ఈ తెలియనిది తేలాలంటే ఇంతమంది ఒకచోట ఎందుకు కూర్చోవాలి అన్నదానికి అది జవాబు చెప్పాలి. ఒక్కరే లైబ్రరీలో కూర్చుని చేసుకోగల పనైతే ఫెలోషిప్పులున్నాయి. ఎవరికి వాళ్లు రాసుకొచ్చి చదివి వినిపించేదైతే సదస్సులున్నాయి. కలిసి కూర్చుంటే తప్ప కదలని పని ఏదో ఉంటేనే కార్యశాల. ఆ పనేమిటో తేల్చుకోవడమే ప్రపోజల్ రాయడం. మిగతాదంతా టైపింగ్.

పరిశీలన కమిటీల్లో కూర్చున్నప్పుడు నా చేతికొచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్న దగ్గరికే వెళ్లవు. శీర్షిక చివర 'సమగ్ర పరిశీలన' అనో 'బహుముఖీన అధ్యయనం' అనో ఉంటుంది. లక్ష్యాల కింద అవగాహన కల్పించడం, వారసత్వాన్ని భావితరాలకు అందించడం, పరిశోధకులకు వేదిక ఏర్పరచడం. ఊరూ పేరూ మారిస్తే ఏ అంశానికైనా సరిపోతాయి. రాసినవాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు. న్యాక్ వాళ్లు కాలేజీకి మార్కులు వేసేటప్పుడు గడిచిన ఐదేళ్లలో పరిశోధనా పద్ధతుల మీద ఎన్ని కార్యశాలలు జరిపారని అడుగుతూ వచ్చారు. ఎన్ని అని అడిగితే ఎన్నో చెప్పడానికే జనం తయారవుతారు. ఏం తేలిందని అడిగే గడి ఉంటే రాసే తీరూ మారేది. అయినా ఆ ఫారం లోపలే ఉండి మంచి ప్రపోజల్ రాయొచ్చు. ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు కడప జిల్లాలో చరిత్ర లెక్చరర్. మూడు రోజుల కార్యశాల కోసం ప్రపోజల్ రాసుకుని మా ఇంటికొచ్చింది. అంశం కైఫీయత్తులు. శీర్షిక మూడు లైన్లుంది: చరిత్ర, సాహిత్యం, సంస్కృతి, భాష, జానపదం అన్నీ అందులోనే. ఒక్కో దానికి ఒక్కో సెషన్, ఒక్కో సెషన్‌కు ఒక ప్రొఫెసర్.

"ఇందులో నీకు తెలియనిదేది?" అన్నాను.

"అదేంది సార్, అన్నీ తెలుసని ఎట్లంటా?"

"అన్నీ కాదమ్మా, ఒక్కటి చెప్పు. చదువుతా చదువుతా ఉండి, ఇక్కడ నాకు అర్థం కాలేదు అని ఆగిపోయిన చోటు."

కైఫీయత్తుల సంగతి తెలియని పాఠకులకు రెండు మాటలు. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, కర్నల్ కాలిన్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరా పంపి, స్థానిక చరిత్రలు సేకరింపజేశాడు. ఊరు ఎప్పుడు పుట్టింది, ఎవరు కట్టించారు, గుళ్లేమిటి, చెరువులేమిటి, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఎల్లలు ఎక్కడిదాకా, ఏ కరువుకు జనం ఎటు పోయారు. కరణాల కవిలెల్లో ఉన్నదీ, పెద్దవాళ్లు చెప్పిందీ కలిపి రాసుకున్న కాగితాలివి. మెకంజీ 1821లో పోయాడు. ఆ కాగితాలు పాడైపోతుంటే తర్వాత సి.పి.బ్రౌన్ నకళ్లు రాయించాడు. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్న ఆ సంపదలోంచి కడప జిల్లాకు సంబంధించిన కైఫీయత్తులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి నిలబెట్టిన సంస్థ అది. గండికోట, సిద్ధవటం లాంటి చోట్ల కైఫీయత్తులు చరిత్రకారులందరికీ తెలిసినవే. చిన్న చిన్న పల్లెలవి అంతగా ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మాయి కాసేపు ఆలోచించి ఫోన్ తీసింది. ఒక రాతప్రతి పేజీ ఫొటో. ఏదో గుడి మాన్యం లెక్క. తూములు, పుట్లలో చేను కొలత రాసి, అంకె పక్కన చిన్న గీత పెట్టాడు రాసినవాడు. "ఈ గీత నిలువుదా అడ్డమా సార్? నేను ఒక రకంగా చదివినా, మా కొలీగ్ ఇంకో రకంగా చదివినాడు."

ఫొటో పెద్దది చేసి చూశాను. గీత నిలువుగానూ లేదు, అడ్డంగానూ లేదు. కలం ఒక పక్కకు ఒరిగింది.

మన పాత లెక్కల్లో భిన్నాలకు గుర్తులుండేవి. ఒకటిని నాలుగు భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ నాలుగు చేసి, అలా కిందికి దిగుతూ పోయే లెక్క అది. ఒక నిలువు గీత పెడితే కాలు, రెండు పెడితే అర, మూడు పెడితే ముప్పాతిక. అవే గీతలు అడ్డంగా పెడితే పదహారో వంతులు: ఒకటి వీసం, రెండు పరక, మూడు మువ్వీసం. అంటే గీత నిలువైతే కాలు, అడ్డమైతే వీసం. కొలత నాలుగింతలు తేడా. పుట్టికి ఇరవై తూములు కాబట్టి పుట్టిలో కాలంటే ఐదు తూములు, వీసమంటే తూమున్నర కూడా కాదు. దేవుడి మాన్యం అంతలా పెరగడానికో తరగడానికో రాజు మారనక్కర్లేదు, నకలు రాసినవాడి చెయ్యి ఒరిగితే చాలు. ఈ గుర్తులను 2008లో యూనికోడ్‌లో చేర్చారు. అయినా మనం రోజూ వాడే కీబోర్డుల్లో అవి కనిపించవు. ఇక అచ్చులో ఆ గీత ఏమవుతుందో చెప్పలేం. కంపోజింగ్ చేసినవాడు గీతను అంకె అనుకోవచ్చు, మరక అనుకుని వదిలేయనూ వచ్చు.

"మరి ఇది ఎవరు చెప్పగలరు?" అన్నాను.

చెప్పడం మొదలుపెట్టింది. రాతప్రతులు చదివే అలవాటున్నవాళ్లయితే ఆ లేఖకుడు మిగతా పేజీల్లో నిలువు గీత ఎలా గీశాడో చూసి చెప్పగలరు. గీత సంగతి పక్కనపెట్టి, ఆ ఊళ్లో ఆ చెరువు కింద అంత నేల ఉండే వీలుందా లేదా అన్నది ఊరివాళ్లు చెప్పగలరు. పాత సెటిల్‌మెంట్ రికార్డుల్లో ఆ మాన్యం ఎంత అని ఉందో రెవెన్యూ కాగితాలు తెలిసినవాళ్లు చెప్పగలరు. ఎల్లల్లో చెప్పిన గుట్ట, వంక ఇప్పుడెక్కడున్నాయో మ్యాపులు గీసేవాళ్లు చూపించగలరు. నలుగురి దగ్గరా తలా ఒక ముక్క ఉంది. ఏ ఒక్కరి ముక్కతోనూ ఆ గీత తేలదు. ఒకరి తర్వాత ఒకరికి ఉత్తరాలు రాస్తూ పోతే ఏడాది పడుతుంది. ఆ పేజీ మధ్యలో పెట్టుకుని నలుగురూ కూర్చుంటే పూట పట్టదు.

అంతే, కార్యశాల దొరికింది. అమ్మాయి తెచ్చిన పది పేజీల్లో ఎక్కడా లేని ప్రశ్న ఆమె ఫోన్లో ఉంది. ప్రపోజల్ రాసేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. అసలు ప్రశ్న చేతిలోనే ఉంటుంది. అది మరీ చిన్నదనీ, పెద్దవాళ్ల ముందు పెట్టడానికి బాగుండదనీ అనుకుని దాని మీద పెద్ద మాటలు కప్పేస్తారు. నిజానికి కమిటీలో కూర్చున్నవాడు ముప్పై ప్రపోజల్స్ చదివి అలసిపోయి ఉంటాడు. ఒరిగిన గీత కనిపిస్తే నిద్రమత్తు వదిలి కుర్చీలో ముందుకు జరుగుతాడు.

శీర్షిక మార్చుకుంది: కడప జిల్లా పల్లె కైఫీయత్తుల్లో భూమి కొలతలు, ఎల్లలు: కలిసి చదివే కార్యశాల. సాహిత్యం పోయింది, సంస్కృతి పోయింది. ఆ తీసివేతకు ఆమె ప్రాణం ఉసూరుమన్నమాట నిజం. "సాహిత్యం తీసేస్తే తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లు ఏమనుకుంటారో" అంది. రాతప్రతి చదవగలిగేవాళ్లు వాళ్లలోనే ఉన్నారు, వాళ్లు అతిథులుగా కాక పనివాళ్లుగా వస్తారు అన్నాను. కాన్సెప్ట్ నోట్ ఒక పేజీకి కుదిరింది. మొదటి పేరాలో ఆ గీత. రెండో పేరాలో ఆ గీత తేలకపోతే మనం చెప్పుకుంటున్న ఏ ఏ లెక్కలు అనుమానంలో పడతాయన్నది. మూడో పేరాలో ఇంతవరకు ఎవరేం చేశారు. నాలుగో పేరాలో మూడు రోజుల్లో ఏం చేస్తాం. చాలా ప్రపోజల్స్‌లో ఈ వరుస తిరగబడి, భారతదేశ ప్రాచీన వైభవంతో మొదలై, కార్యశాల ప్రస్తావన ఆఖరి పేరాలో వస్తుంది. అప్పటికి చదివేవాడు పేజీ తిప్పేస్తాడు.

'ఇప్పుడే ఎందుకు' అని ప్రతి నిధుల సంస్థా ఏదో రూపంలో అడుగుతుంది. దానికి 'ప్రపంచీకరణ నేపథ్యంలో' అని రాయడం మనకు రివాజు. ఈ కార్యశాలకు అంతకంటే గట్టి కారణం ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దుచేసింది. అప్పటికి పాతికేళ్లున్న కరణం ఇప్పుడు అరవై ఐదు దాటి ఉంటాడు. వాళ్లలో తండ్రుల చిట్టాలు, కవిలెలు చూసి లెక్క నేర్చుకున్నవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. పదేళ్లు ఆగితే ఈ కార్యశాల నడిపే వీలే ఉండదు. ఈ నాలుగు వాక్యాలూ అంతే పొడిగా రాయమన్నాను. విశేషణం ఒక్కటి కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే కష్టమైంది పిలుపుల జాబితా. ఇది అచ్చం పెళ్లి పిలుపుల లాంటిదే: ఎవరిని పిలవాలన్నది సమస్య కాదు, ఎవరిని పిలవకపోతే ఊరుకోరన్నదే సమస్య. ప్రారంభ సభకు వీసీగారు, రిజిస్ట్రార్‌గారు, ప్రిన్సిపాల్‌గారు, స్థానిక ప్రజాప్రతినిధి. కీలకోపన్యాసానికి ఒక పెద్దాయన, ఆయన్ను పిలిచి ఈయన్ను పిలవకపోతే బాగుండదు కాబట్టి ముగింపు ఉపన్యాసానికి ఇంకో పెద్దాయన. జ్యోతి వెలిగించి, ప్రార్థన పాడించి, అందరికీ శాలువాలు కప్పేసరికి మొదటి రోజు భోజనాల వేళవుతుంది. మూడు రోజుల కార్యశాలలో ఆరోవంతు అయిపోయినట్టే. మన లెక్కల్లో చెప్పాలంటే, రెండు వీసాలకు పైమాట!

ఆ జాబితా పక్కన ఇంకో గడి గీయమన్నాను: ఈ మనిషి టేబుల్ మీద పెట్టగలిగింది ఏమిటి? రాతప్రతి చదవడం, కరణీకం లెక్క, రెవెన్యూ రికార్డులు, మ్యాపు, ఆ ఊరి నేల. ఈ ఐదింటిలో ఏదీ లేనివాళ్లు ప్రారంభ సభ ఫొటోకు రావచ్చు గానీ పని జాబితాలో ఉండరు. అలా వడకడితే ఇద్దరు ప్రొఫెసర్ల పేర్లు పోయి, వాళ్ల స్థానంలో ఒక రిటైర్డ్ కరణం, ఒక హైస్కూల్ సోషల్ మాస్టారు వచ్చారు. ఆ మాస్టారు పాతికేళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల శాసనాల ఫొటోలు తీస్తూ తిరుగుతున్నవాడు. ఫారంలో 'రిసోర్స్ పర్సన్ హోదా' అనే గడి దగ్గర అమ్మాయి ఆగింది. కరణంగారి హోదా ఏమని రాయాలి? 'పూర్వ కరణం' అనే రాయి అన్నాను. ఆ గడిలో అంతకంటే బరువైన హోదా ఆ జాబితాలో ఇంకెవరికీ లేదు.

పిలుపుల జాబితాను ఇలా ప్రశ్నతో పాటే తూచి చూసే చోటు ఒకటుంది. జర్మనీలోని సార్లాండ్ రాష్ట్రంలో డాగ్‌స్టూల్ అనే చోట కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఒక కేంద్రం ఉంది. 1990 నుంచి నడుస్తోంది. అక్కడ వారం రోజుల సెమినార్ పెట్టాలంటే నిర్వాహకులు ముగ్గురో నలుగురో కలిసి ప్రపోజల్ పంపాలి, ఎవరెవరిని పిలవాలనుకుంటున్నారో ఆ జాబితా కూడా జతచేయాలి. కమిటీ ప్రశ్ననూ చూస్తుంది, మనుషులనూ చూస్తుంది. పిలుపు లేనిదే ఎవరూ రాలేరు. ఒప్పుకున్నాక మాత్రం ప్రతి గంటకూ ఒక ఉపన్యాసం పెట్టి రోజంతా నింపెయ్యరు, చర్చకు చోటు వదులుతారు. కోటలాంటి భవనం, వారం రోజుల భోజనం, వసతి మన కాలేజీలకు ఎక్కడినుంచి వస్తాయి అనొచ్చు. నిజమే. మనుషుల జాబితాను ప్రశ్నకు కట్టివేయడానికి, చర్చకు సమయం వదలడానికి మాత్రం భవనం అక్కర్లేదు.

మళ్లీ మా అమ్మాయి ప్రపోజల్‌కు వస్తే, సమయ పట్టికలో సెషన్లన్నీ తీసేయమన్నాను. ఆమె ముఖం చూడాలి. చివరికి ఇలా కుదిరింది. పొద్దున నలుగురైదుగురు ఒక్కో బల్ల చుట్టూ, ఒక్కో బల్లకు ఒక ఊరి కైఫీయతు. ప్రతి బల్ల దగ్గరా రాతప్రతి చదివేవారు ఒకరు, నేల తెలిసినవారు ఒకరు తప్పనిసరి. మధ్యాహ్నం బల్లలు మారతాయి: పొద్దున ఒకరు చదివింది ఇంకొకరు మళ్లీ మొదటినుంచి చదవాలి, ముందువాళ్లు రాసుకున్నది చూడకుండా. సాయంత్రం రెండు పాఠాలూ గోడ మీద పక్కపక్కన. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే చర్చ. తేలింది తేలినట్టు, తేలనిది తేలనట్టు రాసుకోవడం. రెండో రోజు మధ్యాహ్నం బస్సెక్కి ఒక ఊరికి వెళ్లి, కైఫీయతులో చెప్పిన ఎల్ల వెంట నడిచి రావడం. పేపరు చదవడం అనేది మూడు రోజుల్లో ఎక్కడా లేదు. "పేపరు లేకపోతే సర్టిఫికెట్‌లో ఏం రాస్తాం సార్?" అంది. ఏ ఊరి కైఫీయతు చదివారో ఆ ఊరి పేరు రాయమన్నాను.

ఇక బడ్జెట్. ప్రపోజల్‌లో అబద్ధం నిలవని పేజీ ఇదే. కాన్సెప్ట్ నోట్‌లో ఏం రాసుకున్నా, డబ్బు ఎటు పోతుందో చూస్తే నిర్వాహకుడి మనసు తెలిసిపోతుంది. ఆమె మొదటి బడ్జెట్‌లో బ్యాగులు, ఫోల్డర్లు, జ్ఞాపికలు, శాలువాలు, ఫ్లెక్సీలు కలిపితే ప్రయాణ ఖర్చుల్లో సగానికి దగ్గరగా వచ్చాయి. రాతప్రతుల ఫొటోలకు ఒక్క రూపాయి లేదు! ఏం చదవడానికి కూర్చుంటున్నారో ఆ పేజీలే లేకుండా కూర్చోవడం ఎలా? గ్రంథాలయం అనుమతి, స్కానింగ్ ఖర్చు, ఏ3 కాగితం మీద పెద్ద ప్రింట్లు, ఊరికి బస్సు ముందు వరసలోకి వచ్చాయి. అనుమతి కోసం రాసిన ఉత్తరం, వచ్చిన జవాబు జతచేస్తే ప్రపోజల్ బలం రెట్టింపు అవుతుంది. పని అప్పుడే మొదలైపోయిందని కమిటీకి తెలుస్తుంది. చివర్లో జీఎఫ్ఆర్ 12-ఎ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు కూడా, ప్రతి పద్దుకూ పని కనిపిస్తుంటే అకౌంట్స్ సెక్షన్ గుమస్తాతో వాదన తగ్గుతుంది.

'ఆశించే ఫలితాలు' దగ్గర అందరూ ఐఎస్‌బీఎన్ ఉన్న వ్యాససంకలనం అని రాస్తారు. అది కాలేజీకి అవసరమే, కాదనను. కానీ ఈ కార్యశాల తర్వాత ఇంకో జిల్లాలో ఇంకొకరు కైఫీయతు తెరిచినప్పుడు వాళ్లకు ఉపయోగపడేది ఏమిటి? మూడు రాశాం. ఒకటి, ఒక్కో లేఖకుడు ఏ గుర్తు ఎలా రాశాడో చూపించే బొమ్మల పట్టిక. రెండు, కైఫీయత్తుల్లో ఉన్న ఊరి పేర్లు, వంకల పేర్లు, గుట్టల పేర్లు ఇప్పుడు ఏ మండలంలో ఏ పేరుతో ఉన్నాయో చెప్పే జాబితా. మూడు, తేలని చోట్ల జాబితా. ఈ మూడోదాన్ని రాయడానికి ఆమె జంకింది, ఓటమిని ముందే ఒప్పుకున్నట్టు ఉంటుందని. నా అనుభవంలో పరిశోధకులకు ఎక్కువ కాలం పనికొచ్చేది అదే. తేలినదాన్ని తర్వాతివాళ్లు తిరగరాస్తారు, తేలనిదాని దగ్గర వాళ్లు పని మొదలుపెడతారు.

ప్రపోజల్ మంజూరైంది, అడిగినదాంట్లో సగానికి. ఇది మామూలే, అడిగినంతా ఇచ్చే సంస్థ అరుదు. సవరించిన బడ్జెట్ పంపమని ఉత్తరం వచ్చినరోజు ఆమె ఫోన్ చేసి ఏం తీసేయాలో నన్ను అడగలేదు, ఏం తీసేసిందో చెప్పింది. బ్యాగులు, జ్ఞాపికలు పోయాయి. బయటి రాష్ట్రం నుంచి విమానంలో రావాల్సిన వక్త పోయాడు. ఊళ్ల సంఖ్య తగ్గింది. స్కానింగ్, కరణంగారి ప్రయాణం, బస్సు అలాగే ఉన్నాయి. రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఎందుకు కూర్చుంటున్నామో ముందే తేల్చుకున్నవాళ్లకు ఏది లేకపోయినా కూర్చోవచ్చో కూడా తెలిసే ఉంటుంది.

జూన్, జులైల్లో ప్రపోజల్ రాయబోయే కుర్ర లెక్చరర్లకు నేను చెప్పేది ఒకటే. శీర్షిక దగ్గర మొదలుపెట్టకండి. బడ్జెట్ పేజీ ముందు రాయండి, దాన్ని మీరే సగానికి కొట్టేయండి. అప్పుడు మిగిలిన పద్దుల ఎదురుగా ఏ పని ఉందో చూసుకోండి. పని కనిపిస్తే మీ కార్యశాల అదే, కాన్సెప్ట్ నోట్ దానికోసం రాయండి. ప్రారంభ సభ, భోజనాలు, ముగింపు సభ మాత్రమే మిగిలితే ఆ ఏడాదికి ప్రపోజల్ మానేసి, నలుగురు మిత్రులతో ఒక ఆదివారం కూర్చుని మీకు అర్థంకాని పేజీ ఒకటి చదవండి. దానికి ఎవరి మంజూరూ అక్కర్లేదు, వచ్చే ఏడాది ప్రపోజల్ అక్కడినుంచే పుడుతుంది.